యూనివర్సిటీలో చదువుకుంటూ చిన్న వాద్యబృందానికి సొంతంగా సంగీతం రాయడం ఎలా నేర్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గుంటూరు దగ్గర యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతున్నారు. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నారు, వర్ణాలూ కీర్తనలూ వాయిస్తారు. కాలేజీ మ్యూజిక్ క్లబ్బులో వేణువు, వీణ, మృదంగం వాయించేవాళ్ళు ఉన్నారు, అప్పుడప్పుడు క్లారినెట్ కుర్రాడు కూడా వస్తాడు. ఎవరివో పాటలు వాయించడం కాకుండా రెండు మూడు నిమిషాల సొంత పీసులు రాయాలని ఉంది. దానికి ముందు వెస్టర్న్ హార్మనీ (ఒకేసారి మోగే స్వరాల కూర్పు) అంతా నేర్చుకోవాలా, స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య లిపి) రావాలా, కీబోర్డ్ కొనాలా, విదేశాల్లో కంపోజిషన్ కోర్సు చేస్తే తప్ప ఇది పట్టుబడదా అన్నది మీ సందేహం.

ముందు అవేవీ అక్కర్లేదు. ఈ వారం ఇద్దరికి రెండే నిమిషాలు రాయండి. వచ్చే వారంలోగా వాళ్ళ చేత వాయించి వినండి. విన్నాక అదే పీస్ మళ్ళీ రాయండి. రాసింది చెవిన పడకుండా రెండోది మొదలుపెట్టొద్దు. హార్మనీ, నొటేషన్, కీబోర్డ్ అన్నీ దారిలో అవసరం పడతాయి, అప్పుడు నేర్చుకుంటే త్వరగా వంటబడతాయి కూడా.

నా సంగతి కొంచెం చెప్పాలి, ఏ అనుభవంతో అంటున్నానో తెలియడానికి. నాది వయొలిన్. రేడియోలో వాయించాను, నృత్యరూపకాలకి సంగీతం కూర్చాను, అడపాదడపా సినిమా రికార్డింగులకి వెళ్ళాను. కొన్నేళ్ళుగా విజయవాడ, గుంటూరు మధ్య ఒక యూనివర్సిటీలో వాద్యబృందం ఎలెక్టివ్ చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బీటెక్ పిల్లలే. సెమిస్టర్ అయ్యేసరికి ప్రతి ఒక్కరూ ఒక పీస్ రాసి, తోటివాళ్ళ చేత వాయించి చూపించాలి.

విదేశాల్లో కంపోజిషన్ డిగ్రీ మొదటి ఏడాదిలో చేయించేదీ ఇంచుమించు ఇదే. ఒక్క వాద్యానికి రాయిస్తారు, తర్వాత ఇద్దరికి, తర్వాత ముగ్గురు నలుగురికి. టర్ములో ఒక రోజు వాద్యకారులు వచ్చి కూర్చుంటారు, విద్యార్థులు రాసిన కాగితాలు వరసగా వాళ్ళ ముందు పెడతారు, వాళ్ళు వాయిస్తారు, ఎక్కడ కుదరలేదో మొహమాటం లేకుండా చెబుతారు. ఫ్లూట్, క్లారినెట్, వయొలిన్, చెల్లో, పియానో అన్న అయిదుగురి కూర్పు అక్కడ కొత్తగా రాసేవాళ్ళకి బాగా అలవాటు. 1912లో ఆస్ట్రియా స్వరకర్త షోన్‌బెర్గ్ ఒక గాత్ర రచన పక్కన వాడిన వాద్యాల నుంచి వచ్చింది ఆ కూర్పు. హార్మనీ, కౌంటర్‌పాయింట్ (రెండు మూడు వరసల్ని కలిపి నడపడం) క్లాసులు పక్కన నడుస్తుంటాయి కానీ, అవి పూర్తయ్యేదాకా ఏమీ రాయొద్దని ఎవరూ ఆపరు.

మనకీ ఇది కొత్తేం కాదు. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యవృంద అనే పెద్ద వాద్యబృందాన్ని ఏర్పాటు చేసింది. రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ గార్లు దాన్ని నడిపారు. తర్వాతి రోజుల్లో మన ద్రాక్షారామం నుంచి వెళ్ళిన వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు దానికి ఎన్నో రచనలు చేశారు. 1948లో మొదలైన విజయవాడ కేంద్రంలోనూ నిలయ విద్వాంసులు (అక్కడ ఉద్యోగం చేసే సంగీతకారులు) సంగీత రూపకాలకీ లలిత గీతాలకీ నలుగురైదుగురితోనే నేపథ్య సంగీతం అల్లేవారు. పొద్దున కాగితం వస్తే మధ్యాహ్నానికి రికార్డింగు. అక్కడ పనిచేసినవాళ్ళకి ఎంత రాయాలో కంటే ఎక్కడ ఆగాలో బాగా తెలిసి ఉండేది.

ఇక పనిలోకి వద్దాం.

చిన్నది అంటే ఎంత చిన్నదో లెక్క వేసుకోండి. ఆదితాళం ఒక చుట్టుని, అంటే ఆవర్తాన్ని, ఎనిమిది క్రియలుగా (చేతి దెబ్బలుగా) వేస్తాం; క్రియకి ఒక సెకను అనుకుంటే ఆవర్తానికి 8 సెకన్లు. రెండు నిమిషాలంటే 15 ఆవర్తాలు, అంతే. మొదటిసారి రాసేవాళ్ళు ఈ పదిహేనులో రాగమాలిక, నడక మార్పు, తని ఆవర్తనం, చివర్లో తిల్లానా అన్నీ కూరబోతారు. నేను చెప్పే పంపకం ఇది: నాలుగు ఆవర్తాలు ఒక సంగతి చెప్పడానికి, నాలుగు దాన్నే రెండో వాద్యం అందుకోవడానికి, నాలుగు ఏదో ఒక్కటి మారడానికి, రెండు మళ్ళీ మొదటి సంగతికి రావడానికి, ఒకటి ముక్తాయికి (ఒక పదాన్ని మూడుసార్లు పలికి ముగించడానికి). ఇదేం శాసనం కాదు, రెండో పీస్‌కే పక్కన పడేయొచ్చు. కానీ మొదటిదానికి ఈ కొలత ఉంటే సగంలో దారి తప్పరు.

రాగం ఎంచుకునేటప్పుడు మీకు ఇష్టమైనది కాదు, రెండు గొంతుల్ని మోయగలిగేది చూడండి. మొదటి పీస్‌కి నేను మోహన ఇస్తాను. స రి గ ప ద, ఈ అయిదింటిలో ఏ రెండూ వీణ మీద పక్కపక్క మెట్ల మీద పడవు. అందువల్ల ఒకరు ఏ స్వరం మీద ఉన్నా రెండోవారు ఏ స్వరం మీదకి వచ్చినా చెవికి గుచ్చుకోదు. హంసధ్వని కూడా అయిదు స్వరాలదే కానీ అందులో ని, పై స పక్కపక్క మెట్లే. ఒకరు ని మీద నిలబడి ఉంటే ఇంకొకరు స మీదకి వచ్చి ఆగారనుకోండి, ఆ రాపిడి మీరు కావాలని పెట్టిందై ఉండాలి. తోడి, భైరవి, బేగడ లాంటివి ప్రస్తుతానికి కచేరీకే వదిలేయండి. తోడిలో గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు, ఊగడమే దాని రూపం. ఊగే స్వరానికి జత కట్టడం చాలా కష్టం.

అసలు మనవాళ్ళందరికీ మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే, గమకం దగ్గర, అంటే స్వరాన్ని ఊపి పలికించడం దగ్గర. ఒక అమ్మాయి వయొలిన్‌కీ వీణకీ కల్యాణిలో రాసింది. మంచి ఆలోచన, మధ్యలో ఇద్దరూ కలిసి నిషాదం మీద నిలబడాలి. రిహార్సల్లో ఆ చోటు వచ్చేసరికి గదిలో ఉన్నవాళ్ళందరి మొహాలూ మారిపోయాయి. శ్రుతి తప్పిందేమోనని ఫోన్లలో ట్యూనర్లు తీశారు. శ్రుతి దివ్యంగా ఉంది. జరిగిందేమిటంటే, వయొలిన్ మీద కంపితం ఒక వేగంతో ఊగుతోంది, వీణ మీద తీగ లాగి పలికించే కంపితం ఇంకో వేగంతో ఊగుతోంది. విడివిడిగా రెండు ఊపులూ కల్యాణే, కలిస్తే ఏదీ కాదు. వీణని నిషాదం మాన్పించి గాంధారం మీద కదలకుండా నిలబడమన్నాను. షడ్జానికి పంచమం ఎంత దూరమో గాంధారానికి నిషాదం అంతే దూరం కదా, ఒక్కసారిగా ఆ చోటు విచ్చుకుంది. వీణ నాదం మీటిన కాసేపటికి కరిగిపోతుంది కాబట్టి రెండు క్రియలకోసారి మళ్ళీ మీటమని రాసుకుంది. అప్పటి నుంచి క్లాసులో ఒకటే మాట చెబుతున్నాను: ఒకరు ఊగుతున్నప్పుడు రెండోవారు కదలకుండా ఉండాలి, లేదా ఊరుకోవాలి. ఇద్దరికీ ఒకే వరస ఇచ్చి కలిపి వాయించాలంటే గమకం తక్కువ ఉన్న వేగమైన సంగతులు ఇవ్వండి. లేదా ఇద్దరూ చాలాకాలం కలిసి వాయించినవాళ్ళై ఉండాలి.

ఊరుకోవడం గురించి ఇంకో మాట. మన పిల్లలకి ఖాళీ ఆవర్తం రాయడమంటే భయం. వేణువు అమ్మాయి ఎనిమిది సెకన్లు ఏమీ వాయించకుండా కూర్చుంటే ఆమెకి అన్యాయం జరిగిందనుకుంటారు. నలుగురున్న బృందంలో నలుగురూ ఎప్పుడూ వాయిస్తుంటే అది ఒకే రంగు. ఎవరో ఆగితేనే మిగిలినవాళ్ళ నాదం తెలుస్తుంది, ఆగినవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఒక సంఘటన జరిగినట్టుంటుంది. వేణువుకైతే ఊపిరి కూడా కావాలి. వయొలిన్ వాయించే మీకు కమాను మార్చడం తప్ప ఆగే అలవాటు ఉండదు, అందుకే మీరు వేణువుకి రాసినప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మీరే గుర్తు పెట్టండి. గుర్తు పెట్టడానికి చోటు దొరకలేదంటే, ఆ వరస వేణువుది కాదు, మీ వయొలిన్‌దే.

శ్రుతి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే క్లబ్బుల్లో సగం పీసులు ఆగిపోయేది ఇక్కడే. మీ వేణువు అమ్మాయి దగ్గర ఉన్నది ఐదు శ్రుతి (షడ్జం జి మీద ఉండే) వేణువు అనుకుందాం, నేర్చుకునేవాళ్ళ దగ్గర తరచుగా ఉండేది అదే. వీణని ఐదుకి బిగిస్తే తీగలు తెగుతాయి. వయొలిన్ ఎటైనా సర్దుకుంటుంది. అప్పుడు దారి ఏమిటంటే, వీణని రెండు శ్రుతిలో (షడ్జం డి మీద) పెట్టి మధ్యమ శ్రుతి వాయించడం, అంటే మధ్యమాన్నే షడ్జంగా తీసుకోవడం. రెండుకి మధ్యమం ఐదే కాబట్టి వేణువుతో కలిసిపోతుంది. పక్కనుండే తాళం తీగల్లో పంచమాన్ని మధ్యమానికి దించుకోవాలి, అది మర్చిపోతే పీసంతా వెనకాల ఒక పరాయి స్వరం మోగుతూనే ఉంటుంది. ఇందులో ఒక లాభం కూడా ఉంది. వేలు పెట్టకుండా మీటితే వీణ తీగలు పలికే షడ్జ పంచమాలు, మధ్యమ శ్రుతిలో పంచమ రిషభాలవుతాయి. మోహనలో ఆ రెండూ ఉన్నాయి, కాబట్టి ఉత్త తీగల మోత నిశ్చింతగా వాడుకోవచ్చు. అదే హిందోళమైతే రిషభమూ లేదు, పంచమమూ లేదు. ఉత్త తీగ ఒక్కసారి మోగినా రాగం చెడుతుంది. రాగం ఎంచుకోవడం, శ్రుతి ఎంచుకోవడం వేరువేరు పనులు కావని ఇలాంటప్పుడు తెలుస్తుంది.

మృదంగం వాయించే కుర్రాడిని ముందే అడగండి, తన దగ్గర ఏ శ్రుతి మృదంగం ఉందో. రాయి పెట్టి కొట్టి సర్దగలిగేది కాస్త తేడా వరకే. రెండు శ్రుతి మృదంగాన్ని ఐదుకి ఎవరూ ఎక్కించలేరు. వానాకాలం తేమకి మూత వదులై శ్రుతి దిగుతుంది, ఏసీ హాల్లో గంట ఉంటే బిగిసి ఎక్కుతుంది. రిహార్సల్ హాస్టల్ గదిలో, ప్రోగ్రాం ఏసీ ఆడిటోరియంలో అయితే ఇది కచ్చితంగా ఎదురయ్యే విషయం. పైన ఫ్యాను తిరుగుతుంటే వేణువు నాదం చెదురుతుంది, ఫ్యాను ఆపితే మే నెలలో విజయవాడలో మనుషులు చెదురుతారు. వేణువుని ఫ్యాను కింద నుంచి జరిపి గోడవైపు కూర్చోబెట్టండి.

ఏ వాద్యం ఎంత వినబడుతుందన్నది రాసేటప్పుడే ఆలోచించాలి, మైకు మీద భారం వేయకూడదు. వేణువు మంద్రంలో (కింది స్థాయిలో) చాలా మెత్తగా ఉంటుంది, మీ వయొలిన్ అదే స్థాయిలో కమాను లాగితే వేణువు మాయమవుతుంది. అక్కడ వయొలిన్‌ని వేలితో మీటించండి, లేదా ఆపేయండి. అదే వేణువు తారస్థాయికి (పై స్థాయికి) వెళ్తే ఎవరూ ఆపలేరు. వీణకి కాంటాక్ట్ మైకు పెడితే ధ్వని వస్తుంది కానీ గదిలో పుట్టిన నాదంలా ఉండదు, మిగిలిన ముగ్గురికీ మైకు లేనప్పుడు అది మరీ తేలిపోతుంది. చిలకలూరిపేట వైపు సన్నాయి సంప్రదాయం గొప్పది, మా క్లాసుకి కూడా అటునుంచి ఒకరిద్దరు వచ్చారు. సన్నాయికి విడిగా డోలుతో రాయండి, వీణ పక్కన మాత్రం కూర్చోబెట్టకండి.

మీ క్లారినెట్ కుర్రాడి సంగతి. మామూలుగా దొరికేది బి ఫ్లాట్ క్లారినెట్. స్టాఫ్ మీద సి అని రాస్తే వినిపించేది బి ఫ్లాట్, అంటే రెండు మెట్లు కింద. స్టాఫ్‌లో రాస్తే రెండు మెట్లు పైకి రాసివ్వాలి. స్వరాల్లో రాస్తే, తన వేళ్ళ మీద ఏది షడ్జమో ఒకసారి తేల్చుకుంటే చాలు. మా దగ్గర గుంటూరు కుర్రాడు ఒకడు, ఇంట్లో బ్యాండ్ మేళం ఉంది, వీణకీ క్లారినెట్‌కీ రాశాడు. క్లారినెట్ వాయించింది వాళ్ళ బాబాయి. ఆయన అలవాటు ఊరేగింపులో, జనరేటర్ మోతని దాటి వినబడేలా ఊదడం. మొదటి రిహార్సల్లో వీణ ఉందో లేదో కూడా తెలియలేదు. ఆ కుర్రాడు కాగితం మీద ఉన్న వరసంతా ఒక స్థాయి కిందకి దించాడు, ఒక్క స్వరం మార్చలేదు. క్లారినెట్ కింది స్థాయి గొంతు చీకటిగా, గుల్లగా, మెత్తగా ఉంటుంది, వీణ మీటు దాని పైన ఒక్కొక్కటిగా తేటగా వినబడింది. బాబాయి గారు వాయించడం అయ్యాక క్లారినెట్‌ని ఒకసారి తిప్పి చూసుకున్నారు, ఇది మనదేనా అన్నట్టు.

ముక్తాయిని మీరు ఇప్పటికే రాయగలరు, దాన్నే వాడుకోండి. పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకునే విద్యార్థి పీస్ ఎలా ముగించాలో తెలియక సతమతమయ్యేచోట మనకి లెక్క చేతిలో ఉంది. క్రియకి నాలుగు అక్షరాల చొప్పున ఆదితాళం ఒక ఆవర్తం 32 అక్షరాలు. ఎనిమిది అక్షరాల పదం మూడుసార్లు అంటే 24, మధ్యలో నాలుగేసి అక్షరాల విరామం రెండుసార్లు అంటే 8, మొత్తం 32. సమం (ఆవర్తం మొదటి దెబ్బ) నుంచి సమానికి సరిగ్గా వచ్చి పడుతుంది. మోహనలో పదం ఇలా ఉందనుకోండి (కామా ఉన్నచోట ముందు స్వరాన్నే ఒక అక్షరం సాగదీయాలి):

గ , ప ద | స , ద ప

కచేరీలో దీన్ని ఒక్కరే మూడుసార్లు వాయిస్తారు. బృందంలో పంచిపెట్టొచ్చు. మొదటిసారి వేణువు ఒక్కటే. నాలుగక్షరాల ఖాళీలో మృదంగం తకధిమి. రెండోసారి వీణ, ఒక స్థాయి కింద. మళ్ళీ మృదంగం. మూడోసారి ముగ్గురూ కలిసి, చివరి పంచమం నుంచి సమం మీద షడ్జానికి. ఇంత చిన్న పదం మూడు రంగుల్లో వినబడుతుంది, లెక్క కూడా తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. దీన్నే కాస్త చెడగొట్టి చూడండి: మూడోసారి పదం సగంలో మృదంగం తప్ప అందరూ ఆగిపోయి, సమం మీద మాత్రం కలవడం. ఇలాంటివి నాలుగైదు రకాలు రాసి వాయించి చూస్తే కంపోజిషన్ అంటే ఏమిటో పుస్తకం కంటే బాగా తెలుస్తుంది.

ఎలా రాయాలన్నదానికి: మీ నలుగురూ కర్ణాటక పద్ధతివాళ్ళే కాబట్టి తెలుగు స్వరాల్లో రాయండి. తెల్లకాగితం అడ్డంగా పెట్టి, అక్షరానికో గడి చొప్పున ఒక ఆవర్తానికి 32 గడులు, నాలుగింటికోసారి ముదురు గీత. ఒకరి కింద ఒకరివి రావాలి: పైన వేణువు, తర్వాత వయొలిన్, వీణ, అడుగున మృదంగం. ఒక నిలువు గడిలో ఉన్నవన్నీ ఒకేసారి మోగేవి. ఇంతకుముందు కీర్తనల పుస్తకంలో మీరు చూసిన నొటేషన్‌కీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఆ నిలువు చూపే. కదపకుండా పట్టాల్సిన స్వరం మీద ఒక అడ్డగీత గీయండి. మెల్లగా, బలంగా, కమానుతో, వేలితో అని మాటల్లోనే రాసేయండి. తలో కాగితం విడిగా ఇచ్చినా, నలుగురి వరసలూ ఉన్న పెద్ద కాగితం మధ్యలో ఒకటి ఉండాలి. క్లారినెట్, చెల్లో, కీబోర్డ్ వాయించేవాళ్ళు పెరిగిన రోజున స్టాఫ్ తప్పదు. అప్పుడు మ్యూస్‌స్కోర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీ పాత పీస్‌నే ఎక్కించుకుంటూ నేర్చుకోండి.

సాఫ్ట్‌వేర్ వినిపించేదాన్ని మాత్రం నమ్మకండి. అందులో వేణువుకి ఊపిరి అక్కర్లేదు, మంద్రంలో కూడా వయొలిన్‌ అంత గట్టిగా పలుకుతుంది, వీణ ఎంతసేపు కావాలంటే అంతసేపు మోగుతుంది, గమకం అసలే ఉండదు. అక్కడ బ్రహ్మాండంగా ఉన్నది రిహార్సల్లో కూలిపోయినట్టు, అక్కడ పేలవంగా ఉన్నది మనుషులు వాయిస్తే బతికినట్టు చాలాసార్లు చూశాను. తాళం లెక్క సరిచూసుకోవడానికి వాడండి, అంతవరకే.

రిహార్సల్లో మీరు వాయించకండి. వయొలిన్ మీదే కాబట్టి ఇది కష్టమే, ఇంకో వయొలిన్ విద్యార్థిని పట్టుకోండి. వాయిస్తూ ఉంటే మీకు మీ వరసే వినబడుతుంది, మిగతాది మీరు ఊహించుకుంటారు. గది చివర కూర్చుని, కాగితం చూడకుండా ఒకసారి వినండి. రెండోసారి కాగితం చూస్తూ వినండి. ఫోన్లో రికార్డు చేయండి, ఫోను వాద్యాలకి దూరంగా పెట్టండి. తర్వాత ఒక్కొక్కరినీ అడగండి, ఎక్కడ ఇబ్బందిగా ఉందని. బాగుందా అని అడిగితే బాగుందంటారు, అంతటితో సరి. ఎక్కడ ఇబ్బంది అంటే "ఈ రెండు స్వరాల మధ్య చెయ్యి దూకాల్సి వస్తోంది" అనో, "ఇక్కడ లెక్క పెట్టుకోవడానికి ఏమీ వినబడట్లేదు" అనో చెబుతారు. ఆ రెండో రకం ఫిర్యాదు విలువైనది. ఖాళీ తర్వాత మళ్ళీ అందుకోవాల్సినవాళ్ళకి ముందు ఆవర్తంలో పక్కవాళ్ళ నుంచి ఒక ఆనవాలు వినబడాలి, అది రాయడం రచయిత పని. ఇంకొకటి, ఊరికే వచ్చి వాయిస్తున్నవాళ్ళకి టీ, పునుగులు మీ ఖర్చు. ఇందులో బేరం లేదు.

హార్మనీ గురించి అడిగారు కదా. రాగం కింద కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) పెట్టడం తప్పని నేను అనను, సినిమా సంగీతంలో ఎప్పటి నుంచో పెడుతూనే ఉన్నారు. కానీ అది చెవిని ఏం చేస్తుందో తెలిసి పెట్టాలి. అడుగున ఏ స్వరం నిలబడితే విన్నవాళ్ళు దాన్నే షడ్జం అనుకోవడానికి సిద్ధమవుతారు. మోహన వాయిస్తూ అడుగున ధైవతం పట్టి ఉంచండి, తంబూరా ఆపేయండి. అవే అయిదు స్వరాలు, కాసేపటికి శుద్ధ ధన్యాసిలా వినబడతాయి. రిషభం పడితే మధ్యమావతి, గాంధారం పడితే హిందోళం, పంచమం పడితే శుద్ధ సావేరి. ఇలా షడ్జం మార్చి వేరే రాగం వినిపించే గ్రహభేదం మీరు విన్నదే, కచేరీలో విద్వాంసులు కాసేపు చూపించి వెనక్కి వచ్చేస్తారు. మీ పదిహేను ఆవర్తాల్లో "ఏదో ఒక్కటి మారడానికి" అని నాలుగు పక్కన పెట్టాం కదా, ఆ మార్పు ఇదే కావచ్చు. పైన వేణువు వరస ఏమీ మారదు, కింద వీణ మాత్రం షడ్జం వదిలి ధైవతానికి దిగుతుంది. హార్మనీ పుస్తకంలో వంద పేజీలు చదివేకంటే ముందు ఈ ఒక్కటి చేసి చూడండి. ఆ తర్వాత పుస్తకం తెరిస్తే అందులో ఉన్నవి మీకు పరిచయమైన సంగతుల్లాగే కనబడతాయి.

వినడానికి ఒక్కటే సూచిస్తాను, ఎక్కువ చెబితే ఏదీ వినరు. హంగరీ స్వరకర్త బేలా బర్తోక్ 1931లో ఇద్దరు వయొలిన్ విద్యార్థులు కలిసి వాయించుకోవడానికి 44 చిన్న పీసులు రాశారు. దాదాపు అన్నిటికీ మూలం పల్లెపాటలే, చాలావాటికి నిమిషం, రెండు నిమిషాల నిడివి. మీది వయొలిన్ కాబట్టి ఒక వరస మీరు వాయించి, రెండోది స్నేహితుడి చేత వాయించొచ్చు. ఆయన పాటని చెడగొట్టకుండా రెండో గొంతు ఎక్కడ పెట్టారో చూడండి. తర్వాత మన దంపుళ్ళ పాటో, జోలపాటో, మీ అమ్మమ్మకి వచ్చిన ఏదైనా ఒకటి తీసుకుని ఆ పని మీరు చేయండి. మా క్లాసులో రాగం తీసుకుని రాసినవాటికంటే ఇలా ఇంటిపాట తీసుకుని రాసినవే ఎక్కువగా నిలబడ్డాయి, ఎందుకంటే పాట మొదలూ చివరా ముందే తేలి ఉంటాయి.

వాద్యకారులు తక్కువైతే విజయవాడలో ఘంటసాల వేంకటేశ్వరరావు గారి పేరు మీద ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల విద్యార్థుల్ని పలకరించండి. వాళ్ళకి వాయించడం మీవాళ్ళకంటే బాగా వచ్చి ఉంటుంది, మీకు కొత్తగా రాసే ఉబలాటం ఉంది, ఇచ్చిపుచ్చుకోవచ్చు. గౌరవంగా ముందు వాళ్ళ మాస్టారిని అడిగి వెళ్ళండి.

విదేశాల్లో కంపోజిషన్ చదవాలన్న ఆలోచన గట్టిగా ఉంటే లెక్క కాస్త మారుతుంది. అక్కడ సాధారణంగా అడిగేది రెండు మూడు పీసుల స్కోర్లు, వీలైతే మనుషులు వాయించిన రికార్డింగులు. స్కోరు చాలాచోట్ల స్టాఫ్‌లోనే ఉండాలి, థియరీ పరీక్షో ఇంటర్వ్యూనో ఉండొచ్చు, కాబట్టి మూడో సంవత్సరం నుంచి ట్రినిటీ (లండన్ సంగీత పరీక్షల సంస్థ) గ్రేడ్ థియరీ మొదలుపెట్టండి. అయితే వేరువేరుగా ఉన్న మూడు పీసులు పంపండి, ఒకే రాగంలో ఒకేలా ఉన్నవి మూడు కాదు. కర్ణాటక పద్ధతి నుంచి వచ్చానని దాచాల్సిన పనేం లేదు. మీ గడుల కాగితం ఫోటో కూడా జతచేయండి, ఆసక్తిగా చూస్తారు.

చివరిది, కీబోర్డ్. ఇప్పుడు కొనొద్దు. క్లబ్బులో ఒకటి ఉండే ఉంటుంది, నిలువు గడిలోని స్వరాలు కలిపి నొక్కి చూడటానికి అది చాలు. కొనాల్సి వస్తే 61 మీటలది, సెకండ్ హ్యాండ్‌లో, ట్రాన్స్‌పోజ్ బటన్ (శ్రుతి మార్చే బటన్) ఉన్నది చూసుకోండి. ఆ బటన్ ఉంటే ఐదు శ్రుతిలో రాసింది కూడా తెల్లమీటల మీదే వాయించి వినొచ్చు.